మారండహళ్ళి చలి - సుక్కు కాపీ

సేలం నుండి ధర్మపురి మీదుగా హొసూరుకు, అక్కడినుండి బెంగుళూరుకు పోయే రైలుదారిలో పాలక్కోడు దాటిన తరువాత మారండహళ్ళి అనే చిన్న స్టేషను వస్తుంది. దాని తరువాతిది రాయకోట. పెద్ద ఊళ్ళకు పోయేవారు ఈ స్టేషనును కిటికీలోనుండి చూచి మరచిపోతారు. చూడదలచినవారు మాత్రం పాసింజరు బండి ఎక్కి, తొందరపడకుండా, మార్గశిర పుష్యమాసాలలో రావలెనని మా మనవి. అప్పుడే ఈ ఊరి అసలు గుణం తెలుస్తుంది.

ఈ సీమలో రైలు పాతదే. 1906లో మొరప్పూరు నుండి ధర్మపురికి సన్నపట్టాల బండి వేశారు. 1913లో దానిని హొసూరు దాకా పొడిగించారు. 1941లో, యుద్ధం రోజులలో, ఆ లైను మూతపడింది. ఇప్పుడు మనమెక్కే పెద్దబండి దారి ఆ తరువాత ఎన్నో ఏండ్లకు వచ్చినది. ఊళ్ళో ముసలివారిని కదిలిస్తే, తమ పెద్దలు ఆ చిన్నబండి ఎక్కి సంతకు పోయిన కథలు చెప్పుతారు.

ఊరు పాలక్కోడు తాలూకాలోనిది, పేటపంచాయితీ. చుట్టూ టమాట తోటలు, మామిడి తోపులు, రాగిచేలు, మధ్యమధ్య చింతచెట్లు. పడమటివైపు గుట్టలు. కొంచెం దూరం పోతే పంచపల్లి దగ్గర చిన్నారు నదికి కట్టిన ఆనకట్ట ఉన్నది. తెల్లవారుజామున ఆ నీటి మీద మంచు తెరలాగా నిలిచి ఉంటుంది. మద్రాసు ఎండలకు అలవాటుపడినవారికి ఈ చలి ఒక వింత. రాత్రి పది దాటితే నేలమీద కాలు పెట్టలేము. పగలంతా ఎండ కాసినా, పొద్దు గుట్టల వెనుకకు జారిన గంటకే దుప్పట్లు బయటికి వస్తాయి.

“హళ్ళి” అంటే కన్నడంలో పల్లె. కనుక ఊరిపేరు కన్నడం, ఆఫీసు కాగితం తమిళం, వంటింటి మాట చాలా ఇండ్లలో తెలుగు. ఒకే అంగడిలో ఒకే మనిషి మూడు భాషలలోను బేరం చేయడం మేము విన్నాము. ఇది ఈనాటి కలగూరగంప కాదు. ఈ ప్రాంతాన్ని పూర్వం బారామహలు అనేవారు. విజయనగర రాజులు పెనుగొండ నుండి ఏలిన రోజులలో జగదేవరాయలకు ఈ సీమ దక్కినదని జిల్లా చరిత్రలు చెప్పుతాయి. ఆ కాలంనుండి, అంతకు ముందునుండి కూడ, తెలుగు కుటుంబాలు ఇక్కడ సేద్యం చేసుకొంటూ ఉన్నాయి. 1792లో టిప్పు సుల్తాను ఈ సీమను కుంఫిణీకి వదలుకొన్నాడు. అప్పుడు ఇక్కడ పన్నుల లెక్కలు కట్టిన దొరలలో థామస్ మన్రో ఒకడు. తరువాత 1800లో మన రాయలసీమకు కలెక్టరుగా వెళ్ళిన మన్రో ఇతడే. ఇక్కడి తెలుగు అటు చిత్తూరు మాటకు దగ్గర, ఇటు కన్నడపు యాసకు చుట్టం. “ఉన్నది” అనరు, “ఉండాది” అంటారు. “చలి” అనరు, “సలి” అంటారు. వినగా వినగా తీపిగా ఉంటుంది.

మా చెల్లెలిని ఇచ్చినది ఈ ఊరికే. సంక్రాంతి సెలవులలో పిల్లలతో కూడ నాలుగు రోజులు అక్కడ గడపడం మాకు ఆనవాయితీ. ఈసారి చలి ఎక్కువగా ఉన్నది. ఆ చలిని గురించి, చలిపేరు చెప్పి మనుష్యులు త్రాగే పానీయాలను గురించి, నాలుగు మాటలు వ్రాయాలనిపించింది. మన సంఘంలోని కుటుంబాలలో ఈ ప్రశ్న ఈ రోజులలో తరచు వస్తున్నదని మాకు తెలుసు గనుక, ఇది కేవలం ప్రయాణముచ్చట కాదు.

ముందు ఈ జిల్లాకూ మద్యానికీ ఉన్న పాత తగాదా చెప్పాలి. మారండహళ్ళి ఇప్పుడు ధర్మపురి జిల్లాలోనిది గాని, ఆ జిల్లా పుట్టినది 1965 అక్టోబరు 2వ తేదీన. అంతకుముందు ఇదంతా సేలం జిల్లా. హొసూరు దగ్గర తొరపల్లిలో 1878లో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1937లో మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి అయినారు. ఆయన అంతకుముందే తిరుచెంగోడు ఆశ్రమంలో కూర్చుండి, మద్యం మానండని ఊరూరా చెప్పించినవారు. పదవి రాగానే మద్యనిషేధపు చట్టం తెచ్చి, 1937 అక్టోబరు 1వ తేదీనుండి మొట్టమొదట తన సొంత జిల్లా అయిన సేలంలోనే అమలు పెట్టించారు. మరుసటి సంవత్సరం మన చిత్తూరు, కడప జిల్లాలకు అది వచ్చింది. కనుక ఈ మారండహళ్ళి చుట్టుపట్ల తాటితోపులలో కల్లుకుండలు, మిగిలిన రాజధానికంటె ముందుగా, ఒక్క రాత్రిలో దిగిపోయినాయి.

ఆదాయం పోయిన గవర్నమెంటు ఊరుకొంటుందా? ఆ లోటు పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను వేశారు. మన దేశంలో అటువంటి పన్నుకు అదే మొదలు. ఈనాడు మనం ప్రతి బిల్లు మీద కట్టే జి.ఎస్.టి.కి అది తాతగారి వరుస. విచిత్రమేమంటే, కల్లు మానిపించడానికి పుట్టిన పన్ను ఉప్పూపప్పూ దాకా పెరిగి, 2017లో జి.ఎస్.టి. అయినప్పుడు, త్రాగే మద్యాన్ని మాత్రం అందులో చేర్చకుండా బయట ఉంచారు. లెక్కలు వ్రాసి బ్రతికే మాబోటివారికి ఇది చదివినప్పుడల్లా నవ్వు వస్తుంది.

1948 నాటికి నిషేధం మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. మన ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత ప్రకాశంపంతులుగారి మంత్రివర్గం 1954 నవంబరులో ఈ మద్యనిషేధం ప్రశ్నమీదనే, ఒక్క వోటు తేడాతో పడిపోయింది. తమిళనాడులో 1971లో నిషేధం ఎత్తివేశారు, 1974లో మళ్ళీ పెట్టారు, 1981లో మళ్ళీ సడలించారు. 2003 నుండి చిల్లర అమ్మకం కూడ గవర్నమెంటు కార్పొరేషనైన టాస్మాక్ చేతిలోనికి వచ్చింది. తెలుగునాట 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకొన్న స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక పెరిగి 1993లో సారా నిషేధమూ, 1995లో సంపూర్ణ నిషేధమూ వచ్చాయి. రెండేండ్లకు, 1997లో, అదీ సడలింది. తలుపు మూయడం, తెరవడం, మళ్ళీ మూయడం. ఎనభై ఏండ్లకు పైగా దక్షిణదేశంలో జరుగుతున్నది ఇదే. గవర్నమెంటు తలుపు సంగతి అలా ఉండగా, ఇంటి తలుపు సంగతి ఇంటివారే చూచుకోవలసి వస్తున్నది.

ఇక మేము చూచిన రాత్రి సంగతి. భోగికి ముందురోజు. మా మేనల్లుడు బెంగుళూరులో కంపెనీ ఉద్యోగం చేస్తున్నాడు. ఇరవైనాలుగేండ్లవాడు, బుద్ధిమంతుడు. వాడు కారులో వస్తూ ఒక విస్కీ సీసా, తేనె, దాల్చినచెక్క, నిమ్మకాయలు తెచ్చాడు. పెరట్లో చలిమంట వేసి అందరమూ చుట్టూ కూర్చున్నాము.

“మామా, ఈ చలికి ఒక మంచి మందు చేస్తాను చూడండి. స్కాట్లండులో అందరిండ్లలోను చేసుకొంటారు. కాక్‌టెయిలని భయపడకండి, ఇది కషాయం లాంటిదే” అన్నాడు.

ఎట్లా చేస్తావురా అని అడిగితే చక్కగా చెప్పాడు. మందపాటి గ్లాసులో చెంచాడు తేనె, రెండు లవంగాలు, చిటికెనవ్రేలంత దాల్చినచెక్క, సగం నిమ్మచెక్క రసం వేయాలి. దానిమీద ఒకటిన్నర ఔన్సులు, అనగా 45 మిల్లీలీటర్ల విస్కీ పోయాలి. ఆపైన కాగిన నీళ్ళు దానికి మూడింతలు పోసి, మూతపెట్టి, రెండు నిమిషాలు ఉంచి త్రాగాలి. దానిపేరు హాట్ టాడీ.

ఆ పేరు వినగానే మాకు ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. ఇంగ్లీషువారి ఈ “టాడీ” మన మాటే. హిందీలో తాటిచెట్టు తాడ్, దాని కల్లు తాడీ. సంస్కృతంలో తాళము, మనకు తాడి, తాటి. కుంఫిణీ దొరలు ఇక్కడ కల్లు త్రాగి ఆ మాట ఓడలో తమ దేశానికి తీసుకొనిపోయారు. అక్కడ తాటిచెట్టు లేదు గనుక, వేడినీళ్ళు, చక్కెర కలిపిన తమ విస్కీకి ఆ పేరు పెట్టుకొన్నారు. ఇప్పుడు ఆ పేరు మూడువందల ఏండ్లు లోకం తిరిగి, తాటితోపుల నడుమనున్న మారండహళ్ళికి సీసాలో వచ్చింది. ఇది చెప్పితే మేనల్లుడు చాల సంతోషించి, “అయితే ఇది మనదే గదా మామా!” అన్నాడు.

మా బావగారి తల్లిని ఊళ్ళో అందరూ అవ్వ అంటారు. డెబ్బైయేండ్లు దాటిన మనిషి. మంటలో చింతపుల్ల ఎగదోస్తూ అంతా వింటూ ఉన్నది. అప్పుడు మెల్లగా అన్నది: “మనదే అయితే కానీ నాయనా. మన ఇంట్లో ఇది ఏం చేసిందో కూడ మనదే గదా. మీ పెదనాయన ఆడ కూర్చోనుండాడు, కనబడలేదా?”

పెద్దబావగారు మంటకు అవతల దుప్పటి కప్పుకొని కూర్చున్నారు. మంచి సేద్యగాడు. నలభైయవ ఏట త్రాగుడు పట్టుకొన్నది. బావికింద రెండెకరాలు దానికే పోయినాయి. పిల్ల పెండ్లి రెండేండ్లు ఆగిపోయింది. మూడు సంవత్సరాల క్రితం ఆసుపత్రిలో చేరి, మందులు తీసుకొని, ఇంటివారి సాయంతో మానివేశారు. ఈ మాట మేము ఇక్కడ వ్రాయడానికి ఆయన ఒప్పుకొన్నారు. పేరు వద్దన్నారు, వ్రాయలేదు.

మేనల్లుడి ముఖం చిన్నబోయింది. అయినా చదువుకొన్నవాడు గనుక వాదించాడు. “అవ్వా, నేను తాగుబోతును కాను. ఒక్క గ్లాసు. పెదనాయనకు ఇవ్వను. కావలిస్తే లోపల గదిలో కూర్చుని త్రాగుతాను. పైగా ఇది బాగా మరిగిస్తే మత్తంతా ఆవిరై పోతుంది, ఒట్టి వాసనే మిగులుతుంది.”

అప్పుడు పెద్దబావగారే నోరు విప్పారు. “నా కోసరం ఎవరూ ఏదీ మానవద్దు నాయనా. నువ్వు తాగితే నాకు కోపం రాదు. కాని నువ్వు ఒట్టి వాసనే అంటివే, ఆ వాసనతోనే నాకు పోరు. అది గోడ దాటి వస్తుంది. ఈ రాత్రి నిద్రపోకుండా దానితో పోట్లాడాలా అని అడుగుతా ఉండాను, అంతే.”

ఎవరూ ఏమీ అనలేదు. మేనల్లుడు కొంతసేపు మంటవంక చూచి, సీసా తీసుకొని వెళ్ళి కారు డిక్కీలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మా చెల్లెలి చేతికిచ్చి వచ్చి కూర్చున్నాడు. అవ్వ లేచి వంటింట్లోకి పోయి, ఇంకొక డబ్బా పట్టుకొని వచ్చింది. దానిని గురించి చెప్పబోయే ముందు, మేనల్లుడు అన్న రెండు మాటలను విచారించడం అవసరం. ఎందుకంటే ఆ మాటలు వాడివి మాత్రమే కావు, మన ఇండ్లలో పెద్దలుకూడ అనేవే.

మొదటిది, విస్కీ ఒంటికి వేడి చేస్తుందనడం. త్రాగినవారికి వెచ్చగా తోచడం నిజమే. మద్యం చర్మంలోని సన్నని రక్తనాళాలను విప్పుతుంది. లోపలి వేడిరక్తం చర్మం మీదికి వస్తుంది. అందుచేత ముఖం ఎర్రబడి వెచ్చగా అనిపిస్తుంది. కాని ఆ వేడి బయటి చలిగాలికి పోతుంది, లోపలి శరీరం చల్లబడుతుంది. వణుకు పుట్టించి వేడి నిలుపుకొనే శక్తికూడ తగ్గుతుంది. చలిదేశాలలో త్రాగి మంచులో పడుకొన్నవారు చనిపోవడానికి ఒక కారణం ఇదే. కిటికీలు తెరిచి గదిని వెచ్చబెట్టాలనుకోవడం వంటిది ఇది.

రెండవది, మరిగిస్తే మత్తు పోతుందనడం. మద్యసారం 78 డిగ్రీలకే మరుగుతుంది గనుక నీటికంటె ముందు ఆవిరవుతుందనేది నిజం. అంతా పోతుందనేది నిజం కాదు. నీళ్ళతో కలిసినప్పుడు అది వదలకుండా పట్టుకొని ఉంటుంది. అమెరికా వ్యవసాయశాఖవారి పట్టికల ప్రకారం, పదిహేను నిమిషాలు ఉడికించినా సుమారు 40 శాతం నిలిచే ఉంటుంది. ఇక గ్లాసులో వేడినీళ్ళు పోసి రెండు నిమిషాలు మూతపెడితే దాదాపు పోసినదంతా ఉన్నట్లే. కనుక “వేడిచేసినదే గదా” అని పిల్లలకు, గర్భిణీస్త్రీలకు, మానుకొన్నవారికి ఇవ్వడం పొరపాటు.

జలుబు చేసిన పసిపిల్లలకు బ్రాందీ చుక్కలు నాకించే అలవాటు కొన్ని ఇండ్లలో ఇంకా ఉన్నది. అది మందు కాదు. పసివారి కాలేయం ఆ విషాన్ని పెద్దలవలె అణచలేదు. రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చును. పెద్దలలో కూడ జలుబుమందు, దగ్గుమందు, పారాసిటమాలు మ్రింగి పైన మద్యం త్రాగడం కాలేయానికి చేటు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో, ఆరోగ్యానికి హాని లేని మద్యపు మోతాదు అంటూ ఏదీ లేదని చెప్పింది. నాటుసారా సంగతి చెప్పనే అక్కరలేదు. 2008లో ఈ పక్కనే కృష్ణగిరి, కోలారు, బెంగుళూరు ప్రాంతాలలో కల్తీసారా త్రాగి వందమందికి పైగా చనిపోయారు. 2024లో కళ్ళకురిచ్చిలో అరవైమందికి పైగా పోయారు.

ఇంకొక సంగతి. మన దేశంలో విస్కీ అనే పేరుతో అమ్మే చవుక సరుకులో చాల రకాలు, ధాన్యంతో కాక చెరుకుమడ్డి నుండి తీసిన స్పిరిటుతో తయారైనవి. ఐరోపాలో ధాన్యంతో చేయనిదానికి విస్కీ అనే పేరు పెట్టనివ్వరు. కనుక “స్కాట్లండు కషాయం” అని మనం మురిసిపోయేది ఒక్కొక్కప్పుడు మన చెరుకుతోటలోని బిడ్డే, పేరు మార్చుకొని వచ్చినది. చెరుకురసం కాచి దించితే బెల్లం. దానినుండి పంచదార తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి బట్టీ పెడితే ఆ స్పిరిటు.

తాటిచెట్టు సంగతి ఇంకా చిత్రం. సాయంత్రం గెల కోసి కుండ కడతారు. ఆ కుండ లోపల సున్నం పూస్తే రసం పులియదు. తెల్లవారి దించి కాచితే తాటిబెల్లం అవుతుంది. సున్నం పూయకపోతే రసం చెట్టుమీదనే పులిసి కల్లవుతుంది. అదే చెట్టు, అదే రసం, అదే మనిషి ఎక్కి దించేది. కుండలో గోరంత సున్నం ఉన్నదా లేదా అన్నదే తేడా. 1937లో కల్లు ఆగిపోయినప్పుడు ఈ సీమలో సున్నపుకుండల పనికి విలువ వచ్చిందనీ, ఇంట్లో కాపీకి తాటిబెల్లం వాడుక అప్పటినుండి పెరిగిందనీ, తన అత్తగారు చెప్పేదని అవ్వ అన్నది.

అవ్వ తెచ్చిన డబ్బాలోనిది సుక్కుపొడి. తమిళంలో శొంఠిని సుక్కు అంటారు. అందుకే ఇక్కడి తెలుగిండ్లలో కూడ అది “సుక్కు కాపీ”. పేరుకు కాపీయే గాని అందులో కాపీగింజ ఒక్కటీ ఉండదు. తమిళదేశంలో సైకిలుమీద పెద్దపాత్ర కట్టుకొని రాత్రివేళ దీనిని అమ్ముతారు. మేము ఆమె చెప్పినట్లే కొలతలు వ్రాసుకొని వచ్చి, ఇంట్లో మూడుసార్లు చేసి చూచి, ఇక్కడ ఇస్తున్నాము.

పొడికి: శొంఠి 50 గ్రాములు, ధనియాలు 100 గ్రాములు, మిరియాలు 10 గ్రాములు, ఏలకులు పది, జీలకర్ర ఒక చెంచా. శొంఠి పురుగుపట్టనిది, విరిస్తే ఫటుక్కుమనేది చూచి తీసుకోవాలి. పైన సున్నం ఉంటే తుడిచివేయాలి. ముందుగా శొంఠిని రోట్లో చితకగొట్టి తరువాత మిక్సీలో వేయండి. మొత్తం ముక్క వేస్తే బ్లేడు పాడవుతుంది. ధనియాలు, మిరియాలు, జీలకర్ర సన్నని సెగమీద వాసన వచ్చేదాకా మాత్రమే వేయించాలి. మాడితే చేదు వస్తుంది. ఏలకులు వేయించవద్దు. అన్నీ కలిపి కొంచెం బరకగా పొడిచేసి, తడిలేని సీసాలో పోసి గట్టిగా మూతపెడితే రెండు నెలలు వాసన చెడదు.

కాపీకి: నలుగురికి ఐదు గ్లాసుల నీళ్ళు. అందులో 75 గ్రాముల తాటిబెల్లం చితకగొట్టి వేసి, కరిగిన తరువాత ఒకసారి వడకట్టాలి. తాటిబెల్లంలో ఇసుక ఉంటుంది గనుక ఈ పని మానరాదు. మళ్ళీ పొయ్యిమీద పెట్టి, పొంగు రాగానే రెండు చెంచాల పొడి, నాలుగు తులసి ఆకులు వేసి, ఐదు గ్లాసులు నాలుగయ్యేదాకా సన్నసెగను కాగనివ్వాలి. దించి మూతపెట్టి రెండు నిమిషాలు ఉంచితే పిప్పి అడుగుకు దిగుతుంది. పైతేట వడకట్టి, దబరాలో ఒకసారి తిరగబోసి త్రాగాలి. పాలు కావలసినవారు దించిన తరువాత, కొంచెం ఆరినాక, కాగిన పాలు విడిగా కలుపుకోవాలి. పొయ్యిమీద బెల్లపునీళ్ళలో పోస్తే విరిగిపోతాయి. నిమ్మరసం వేసుకొనేవారు పాలు వేయకూడదు.

మేనల్లుడు తెచ్చిన దాల్చినచెక్క, లవంగాలు, నిమ్మకాయ, తేనె వృథా పోలేదు. అవ్వ వాటినికూడ అడిగి తీసుకొన్నది. తేనె కాచరాదు గనుక గ్లాసులో పోసిన తరువాత కలిపింది. “నీ కషాయంలో ఒక్కటి తక్కువ, నాయనా, మిగతాదంతా ఉండాది” అని వాడికి మొదటి గ్లాసు అందించింది. వాడు ఒక గుక్క త్రాగి, మిరియాల ఘాటుకు దగ్గి, కన్నీళ్ళు తుడుచుకొని, “ఇది దానికంటె గట్టిగా ఉన్నదే” అన్నాడు. రెండవ గ్లాసు పెద్దబావగారికి వాడే తీసుకొనిపోయి ఇచ్చాడు. పెదతండ్రీ కొడుకూ ఆ రాత్రి చాలసేపు టమాట ధరలను గురించి మాట్లాడుకొన్నారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. శొంఠి, మిరియాలు కూడ ఒంట్లో నిప్పు పుట్టించవు. పచ్చిఅల్లం ఎండినప్పుడు దానిలోని కొంత ఘాటు షోగాల్ అనే ఇంకా ఘాటైన పదార్థంగా మారుతుంది. అల్లానికి జపానువారి మాట షోగా, దానినుండే ఆ పేరు. ఇదీ, మిరియాలలోని పిపెరినూ, నోటిలో గొంతులో వేడిని గుర్తించే నాడుల కొనలను తట్టి, వేడి తగిలినట్లు అనిపించేటట్లు చేస్తాయి. అసలు వేడి కాగిన నీళ్ళది, కప్పుకొన్న దుప్పటిది, చుట్టూ కూర్చున్న మనుష్యులది. అయితే ఈ ఘాటు మాటను తడబడనివ్వదు, పొలం అమ్మించదు, మరునాడు ఇంకొక సీసా అడగదు. చక్కెరవ్యాధి ఉన్నవారు తాటిబెల్లంకూడ చక్కెరేనని మరువరాదు. కడుపులో పుండు, మంట ఉన్నవారు మిరియాలు తగ్గించుకోవాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టరాదు. మూడురోజులు దాటిన జ్వరానికి కషాయం చాలదు, డాక్టరే కావాలి.

మరునాడు భోగిమంటలు, ఆ తరువాత పండుగ. కనుమనాడు మేమందరమూ పంచపల్లి ఆనకట్టకు వెళ్ళి వచ్చాము. రాయకోట కొండమీది కోటకూడ చూడదగినది. 1791లో ఇంగ్లీషుసేన టిప్పునుండి దానిని పట్టుకొన్నది. తెల్లవారి ఎక్కితే చలి ఒంట్లోనుండి తనంతట తానే పోతుంది. దారిలో టమాట బుట్టలు కట్టిన లారీలు వరుసగా నిలిచి ఉంటాయి. మూడు భాషలలో ధర అరచుకొంటూ రైతులు, దళారీలు. మధ్యలో ఒక ముసలమ్మ సుక్కు కాపీ అమ్ముతూ, మా తెలుగు విని, “ఏ ఊరప్పా మీది?” అని పలుకరించింది.

ఈ పత్రిక చదివే కుటుంబాలు చాలవరకు మూడునాలుగు తరాలుగా తమిళ కన్నడ దేశాలలో స్థిరపడినవే. పిల్లలు బెంగుళూరులో, మద్రాసులో, సముద్రాలకు ఆవల ఉన్నారు. సెలవులకు వచ్చేటప్పుడు వారు కొత్త అలవాట్లు తెస్తారు. అన్నిటికీ కేకలు వేస్తే రావడమే మానుకొంటారు. ఏమీ అనకపోతే ఇంట్లో మౌనంగా పోరాడుతున్న ఒక మనిషి ఓడిపోవచ్చును. మారండహళ్ళి అవ్వ కేకలూ వేయలేదు, ఊరుకోనూలేదు. ఎవరివల్ల ఆ సీసా ఆ రాత్రి తెరవకూడదో ఆ మనిషిని చూపించి, చేతికి ఇంకొక గ్లాసు ఇచ్చింది. ప్రతి ఇంట్లోను అటువంటి మనిషి ఉండకపోవచ్చును. ఉన్నాడో లేడో తెలుసుకోకుండా సీసా మూత తీయరాదని మాత్రం మా మనవి.

సుక్కుపొడి సీసా ఒకటి మేనల్లుడు బెంగుళూరుకు పట్టుకొనిపోయాడు. ఆఫీసులో నలుగురికి రుచి చూపించాడట, ఇంకొక కిలో పంపమని ఉత్తరానికి బదులు ఫోనులో సందేశం పెట్టాడు. అవ్వ శొంఠి ఎండబెడుతున్నది. ధనియాలు ఈ సంవత్సరం ప్రియంగా ఉన్నాయి. పొడి కొట్టుకోదలచినవారు చలి ముదరకముందే కొనుక్కోవడం మంచిది.